ఆడిషన్‌కు ముందే తీర్పా?



ఈ వారం నయోమి గురించి ధ్యానం రాయాలని సగం వరకు రాసి పెట్టాము. మంగళవారం రాత్రి వచ్చిన ఒక ఫోను తర్వాత దాన్ని పక్కన పెట్టవలసి వచ్చింది. కొంచెం ఘాటుగా రాస్తున్నాము, ఓర్చుకోండి.

మన సంఘంలో ప్యాడ్స్ వాయించిన తమ్ముడు ఒకడు రెండేళ్లుగా మాదాపూర్‌లో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసుకుంటున్నాడు. గచ్చిబౌలి వైపు సాఫ్ట్‌వేర్ పిల్లలు నడుపుకునే ఒక కూడికలో ఆరాధన బృందానికి వాయిద్యకారులు కావాలని వాట్సాప్‌లో పెడితే తన పేరు పంపాడు. శనివారం రమ్మన్నారు. శుక్రవారం రాత్రి వద్దన్నారు. పేరు కొట్టి వెదికారట. ఫేస్‌బుక్‌లో నాలుగేళ్ల కిందటి వీడియో దొరికింది. పెళ్లి ఊరేగింపులో, సినిమా పాటకు, చెమటతో తడిసిన చొక్కాతో వాయిస్తున్నాడు. ఆ వీడియో వాళ్ల గ్రూపులో తిరిగింది, దాని కింద నవ్వు బొమ్మలు. తమ్ముడు కర్రలు చేత పట్టకముందే ఆడిషన్ ముగిసింది.

ఆ పెళ్లిళ్ల డబ్బుతోనే వాళ్ల చెల్లెలి నర్సింగ్ ఫీజు కట్టారు. కట్టే రోజు ఆ ఇంట్లో ప్రార్థన చేసింది మేమే. అది ఏ వీడియోలోనూ కనబడదు.

"పాస్టరుగారూ, బలిపీఠము దగ్గర నిలబడేవాణ్ణి విచారించవద్దా?" అని ఆ కూడికలోని ఒక బాబు మమ్మల్ని అడిగాడు. విచారించాలి. పరిచారకులను మొదట పరీక్షించమని పౌలు తిమోతికి రాశాడు, తొందరపడి ఎవరిమీదా చేతులుంచవద్దని కూడా రాశాడు. సండే స్కూలు పిల్లల మధ్య తిరగబోయేవాడి విషయంలో మేము ఎవరికన్నా కఠినంగా ఉంటాము. కాని పరీక్షించడమంటే మనిషిని ఎదుట కూర్చోబెట్టుకోవడం. అతడు నిద్రపోతున్న వేళ అతని పాత ఫోటోలు తిరగెయ్యడాన్ని మన పల్లెల్లో తొంగిచూడడం అంటారు.

మొదటి సమూయేలు 16వ అధ్యాయం తీసి చదవండి. సౌలు రాజుకు సితారా వాయించేవాడు కావలసి వచ్చింది. పనివారిలో ఒకడు, యెష్షయి కుమారుణ్ణి నేను చూశాను అని చెప్పాడు. వాయిద్యం తెలిసినవాడని, మాటనేర్పరి అని, యెహోవా అతనికి తోడుగా ఉన్నాడని సాక్ష్యమిచ్చాడు. స్వయంగా చూసిన మనిషి తన మాట మీద పూచీ పడ్డాడు. దావీదు వచ్చాడు, వాయించాడు.

హైటెక్ సిటీ పిల్లలకు వాళ్ల భాషలోనే ఒక మాట చెబుతాము. సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. అప్పటినుండి ఆ దారిలో ఎన్ని కంపెనీలు వచ్చాయో మీకే తెలుసు. మీలో ప్రతివాడూ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ దాటి వచ్చినవాడే. డిగ్రీ, పాత కంపెనీ రిలీవింగ్ లెటరు, ఇంటి చిరునామా, అన్నీ చూశారు. కాని చూసేముందు మీచేత సంతకం పెట్టించుకున్నారు. ఏదైనా తేడా వస్తే మిమ్మల్ని పిలిచి అడిగారు. లాభం కోసం నడిచే కంపెనీ ఇచ్చిన ఆ కాస్త మర్యాద క్రీస్తు పేరు పెట్టుకున్న కూడిక ఇవ్వలేదా? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ తీర్పు మన కూడికల వరకు వస్తుందా లేదా అన్నది లాయర్లు చూసుకుంటారు. మాకు మత్తయి 18వ అధ్యాయం చాలు. నీ సహోదరునిలో తప్పు కనబడితే మొదట ఒంటరిగా అతని దగ్గరికి వెళ్లమన్నాడు ప్రభువు. గ్రూపులో పెట్టమనలేదు.

ఇంకో సంగతి, దీన్ని బయటికి మాట్లాడడానికి మనవాళ్లు జంకుతారు. ఆ వెదుకులాటలో ఇంటిపేరు దొరుకుతుంది. ఇంటిపేరుతో ఊళ్లో ఇల్లు ఏ వైపో లెక్క దొరుకుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు, మన రెండు రాష్ట్రాల్లో అతడు బీసీ-సి. సర్టిఫికెట్లో ఒక పేరు, బాప్తిస్మములో ఒక పేరు ఉన్న ఇళ్లు మన మధ్య ఎన్ని ఉన్నాయో మీకు తెలియనిది కాదు. అది తప్పో ఒప్పో వేరే రోజు మాట్లాడుకుందాము. కాని ఆ రెండు పేర్లనూ కలిపి స్క్రీన్‌షాట్ తీసి ముప్ఫైమంది గ్రూపులో వేసినవాడికి తాను ఏమి చేస్తున్నాడో తెలుసా? ఒక కుటుంబం అన్నంతో ఆడుకుంటున్నాడు.

మేము నీతిమంతులమని చెప్పడం లేదు. పోయిన ఏడు మన ఉజ్జీవ సభలకు కీబోర్డు వాయించడానికి ఒక సహోదరుడు వస్తానంటే, మేమూ రాత్రి ఫోను తీసి పేరు కొట్టాము. ఏదో కేసు వార్త కనబడింది. పెద్దలతో చెప్పేశాము కూడా. తర్వాత తెలిసింది, అదే పేరుగల ఇంకో మనిషి. మన క్రైస్తవులలో పేర్లు ఎన్నని, ఒక్కో వీధికి ఇద్దరు ప్రవీణ్‌లు, ముగ్గురు సురేష్‌లు! ఆ సహోదరుడి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాము. ఆయన మాకు టీ ఇచ్చారు. సభలకు మాత్రం రాలేదు.

పురుషోత్తమ చౌధరి గారు 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి 1833లో బాప్తిస్మము పొందారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకం తెరిస్తే ఆయన పాటలు పాడకుండా మన ఆదివారం గడవదు. ఆయన ముప్ఫై ఏళ్ల పాత జీవితం ఫేస్‌బుక్‌లో ఉండి, ఆనాటి పెద్దలు దాన్నే చూసి తలుపు వేసి ఉంటే?

సౌలు సంగతి ఇంకా పెద్దది. ఆ మనిషి గురించి విన్న చెడ్డ సమాచారమంతా అననీయ ప్రభువు ముందు పెట్టాడు. ఆ సమాచారం అబద్ధమని ప్రభువు అనలేదు. అయినా వెళ్లమన్నాడు. యెరూషలేములో శిష్యులందరూ భయపడుతుంటే బర్నబా ఒక్కడే అతణ్ణి చేరదీసి అపొస్తలుల దగ్గరికి తీసుకువెళ్లాడు. ఆ పౌలే తర్వాత మార్కు మధ్యలో వెళ్లిపోయాడని అతణ్ణి వద్దన్నాడు చూడండి, ఇక్కడ మాకు ప్రతిసారీ నవ్వు వస్తుంది. అప్పుడూ బర్నబాయే మార్కును వెంటబెట్టుకున్నాడు. చివరికి ఆ మార్కునే తోడుకొని రమ్మని పౌలు జైలునుండి రాశాడు.

కాబట్టి కూడికలు నడిపే పిల్లలారా, ఎవరైనా వాయించడానికి వస్తే ముందు వాయించనివ్వండి. ఫలానా సంగతులు విచారిస్తామని అతనితోనే చెప్పండి. సొంత సంఘం పాస్టరుగారి దగ్గరనుండి ఉత్తరం తెమ్మనండి. ఫీబే గురించి రోమా సంఘానికి పౌలు చేసింది అదే. ఏదైనా కనబడితే అతణ్ణే అడగండి, ముఖం చూసి అడగండి.

మా తమ్ముడి కోసం అలాంటి ఉత్తరం ఒకటి బుధవారం రాసి పంపాము. పెళ్లిళ్లలో వాయించిన సంగతీ, ఫీజు సంగతీ అతణ్ణి అడిగి, అతడు సరేనన్న తర్వాతే రాశాము. ఇంతవరకు జవాబు లేదు. తమ్ముడు శనివారం రాత్రి బస్సుకు ఊరికి వస్తున్నాడు. ఆదివారం ఆరాధనలో ప్యాడ్స్ అతనివే. గాయక బృందం వాళ్లు ఎనిమిదిన్నరకే వచ్చెయ్యండి, పోయిన వారం రెండో పాటకు తాళం తప్పింది.