ప్రోత్సాహకం ఎవరి చేతికి?

మామిడితోటల్లో రసాయనాలు తగ్గాలంటే రైతుకు నాలుగు డబ్బులు ముట్టజెబితే చాలునని మన ఆర్థికవేత్తల్లో ఒక వర్గం వాదిస్తున్నది. వినడానికి ఇంపైన వాదమే. ఐతే ఆ 'రైతు' ఎవరన్న ప్రశ్న వచ్చేసరికి ఈ పండితులు మౌనం వహిస్తారు. నా తగాదా ఆ మౌనంతోనే.

ప్రోత్సాహకం కొత్త వింత కాదు. 45 కిలోల యూరియా బస్తాను 242 రూపాయల మూలధరకు అమ్మించి, తక్కిన ఖర్చు కేంద్రప్రభుత్వం భరిస్తున్నది. అంటే ఖజానా ఇంతకాలమూ ఒక పక్షం వహిస్తూనే ఉన్నది. కాబట్టి మట్టిని కాపాడే సేద్యానికి సొమ్మివ్వడం దుబారా అనేవారి మాట చెల్లదు. 2024 నవంబరులో ఆమోదం పొందిన జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్ ఎకరాకు ఏటా 4,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇస్తామన్నది. ఇవ్వవలసిందే. కాని ఎవరికి?

నూజివీడు ప్రాంతం చూడండి. చిన్నరసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు కాసే ఈ తోటల్లో భూమి ఒకరిది, కాపు ఒకరిది, చెమట మరొకరిది. యజమాని తోటను ఒకటి రెండు కాపులకు వ్యాపారికి గుత్తకిస్తాడు. పెట్టిన సొమ్ము రాబట్టుకోవాలి గనుక గుత్తదారు మందుమీద మందు కొట్టిస్తాడు. పూత రప్పించే పాక్లోబ్యూట్రజాల్ మట్టిలో చాలాకాలం నిలిచిపోతే అతనికేం? అప్పటికి తోట అతనిది కాదు. మందు పీల్చేది మాత్రం కూలి. ఇందులో గుత్తదారు దుర్మార్గంకన్న గడువు దుర్మార్గమే ఎక్కువ.

సొమ్ము పట్టా వెంట నడుస్తుంది. 2019లో మొదలైన పి.ఎం. కిసాన్ ఏటా 6,000 రూపాయలు భూమి పేరున్న కుటుంబాలకే ఇస్తున్నది. అదే ఏడు మన రాష్ట్రంలో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు 11 నెలల పత్రమిచ్చింది. అదీ యజమాని సంతకం పెడితేనే! నాటిన ఏళ్లకు గాని కాపు పట్టని చెట్టుకింద, 11 నెలల హక్కుతో ఎవడు మట్టిని పోషిస్తాడు?

మార్గం లేకపోలేదు. మహిళాసంఘాల ఆసరాతో పెరిగిన ఆంధ్ర ప్రకృతి సేద్యం 2024లో గుల్బెంకియన్ బహుమతిలో భాగం పొందింది. ఆ సంఘాల బలాన్ని తోటల్లోకీ తేవాలి. నేను కోరేది ఇది: ప్రోత్సాహకం పట్టాకు గాక సాగుకు ముట్టాలి. అయిదేళ్లకు తక్కువైన గుత్తకు పైసా రాకూడదు. ఆ సొమ్ములో కూలికి వాటా రాసిపెట్టాలి. తోటలో ఏం కొట్టారో నిర్ధారించే సంఘంలో కూలికి ఓటుండాలి. డబ్బాలో ఏముందో పంపు మోసినవానికన్న ఎవరికి బాగా తెలుసు?

యజమానులు అయిదేళ్ల గుత్తకు ఒప్పుకోరని ఆక్షేపణ వస్తుంది. ఒప్పుకోనివారికి ప్రజల సొమ్ము అక్కరలేదన్నమాట! స్వయంగా సాగుచేసే చిన్నరైతుకు ఈ నియమంవల్ల నష్టమేమీ లేదు. సొమ్ము పోగొట్టుకునేది సాగు చేయకుండా పట్టా చూపించేవాడే. విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఈ తేడాను గ్రామసభల్లో ఎత్తిచూపాలి.