కోట తలకిందులైంది, చూశారా?

మొన్న మా తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, గేమ్ అయిపోయింది. బాగానే ఉంది గానీ, దీనికేనా నువ్వంత బిల్డప్ ఇచ్చింది?" గేమ్ పేరు 'కాసిల్‌వేనియా: సింఫనీ ఆఫ్ ది నైట్'. చివర్లో ఎవర్ని చంపావురా అని అడిగా. "రిక్టర్‌ని" అన్నాడు. అయితే నువ్వు ఆడింది సగమే అని చెప్పా. నమ్మలేదు. ఎండింగ్ వచ్చింది, పేర్లు కూడా పడ్డాయి కదా అని వాదన!

వాడి తప్పేం లేదు, ఈ గేమ్ చేసే మోసమే అది. (1997 నాటి ఆటకి స్పాయిలర్ ఏంటి అనుకుంటున్నా. పట్టింపు ఉన్నవాళ్లు ఇక్కడే ఆగిపోండి.) కోటలో ఒక బంగారు ఉంగరం, ఒక వెండి ఉంగరం దొరుకుతాయి. వాటి మీద చెక్కిన ముక్కలు కలిపి చదువుకుని, రెండూ పెట్టుకుని గడియారం గదిలోకి వెళ్లాలి. అక్కడ మరియా ఒక కళ్లద్దాలు ఇస్తుంది. అవి పెట్టుకుని రిక్టర్ దగ్గరికెళితే, అతన్ని ఆడిస్తున్న శక్తి గాల్లో తేలుతూ కనిపిస్తుంది. అతన్ని వదిలేసి దాన్ని కొట్టాలి. అప్పుడు ఆకాశంలో ఇంకో కోట ప్రత్యక్షమవుతుంది. మీరు తిరిగిన కోటే, తలకిందులుగా! నేలంతా సీలింగ్, సీలింగంతా నేల. ఇదంతా చెయ్యమని బాణం గుర్తు పెట్టి చూపించేవాడు ఎవడూ ఉండడు.

అప్పట్లో ప్లేస్టేషన్ కొత్త, అందరూ త్రీడీ వెంట పరుగులు. కొనామీ టీమ్ మాత్రం టూడీలోనే ఉండిపోయింది. దర్శకుడు తోరు హగిహారా, ఆయన పక్కన కోజీ ఇగరాషి. అయామి కొజిమా గీసిన పాలిపోయిన, అందమైన ముఖాలు. మిచిరు యమానె సంగీతం అయితే గుమ్మం దగ్గర రాక్, లైబ్రరీలోకి వెళ్లేసరికి పాతకాలం హార్ప్సికార్డ్. ఇయర్‌ఫోన్స్ లేకుండా ఆడొద్దు, ప్లీజ్.

హీరో అలుకార్డ్. ఆ పేరు ఇంగ్లిష్‌లో వెనక నుంచి చదవండి, వాళ్ల నాన్నెవరో తెలిసిపోతుంది. మొదట్లో ఖరీదైన కత్తి, కవచం వేసుకుని దర్జాగా వస్తాడు. కాసేపటికే మృత్యువు ఎదురొచ్చి అన్నీ లాగేసుకుంటుంది. ఒట్టి చేతులతో మిగులుతాం. నాకు మొదటిసారి నిజంగా ఒళ్లు మండింది. తర్వాత తోడేలుగా, గబ్బిలంగా, పొగమంచుగా మారడం ఒక్కొక్కటే దొరుకుతుంటే, ఇందాక దాటలేని ఊచలు, అందని అటకలు గుర్తొచ్చి వెనక్కి పరిగెడతాం. ఈ వెనక్కి పరిగెత్తడమే తర్వాత 'మెట్రాయిడ్‌వేనియా' అనే జాతి అయ్యింది. 'హాలో నైట్' ఆడారా? దానికిది తాత వరస.

చర్చిలో పాపాలు చెప్పుకునే గది ఒకటుంది. వెళ్లి కూర్చుంటే దెయ్యం ఫాదర్ వస్తాడు. ఒక్కోసారి మంచోడు, ఒక్కోసారి పొడిచేస్తాడు. కథకి దాంతో పనే లేదు, ఊరికే పెట్టారు. అలాంటివి చూసే నేనీ గేమ్‌కి పడిపోయా.

కానీ గుండెల్లో ఉండిపోయేది అమ్మ లీసా. జనం ఆమెని చంపేశారు. డ్రాక్యులాకి మనుషులంటే పగ. అదే అమ్మ కొడుక్కి మాత్రం పగ రాలేదు, ఎందుకంటే పోయేముందు మనుషుల్ని ద్వేషించొద్దని చెప్పింది. ఆ మాట నాన్నకి చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది. రిక్టర్‌ని చంపి ఆపేసినవాళ్లకి ఈ తండ్రీకొడుకులు ఎదురుపడిన సీనే ఉండదు. అందుకే తమ్ముడి మెసేజ్ చూసి నాకంత కంగారు.

2020 నుంచి ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింట్లోనూ ఉంది, డబ్బులిచ్చి కొనాలి. టచ్ బటన్లు మాత్రం చిరాకే. కంట్రోలర్ ఉంటే కనెక్ట్ చేసుకోండి.

రాత్రి రెండింటికి తమ్ముడి నుంచి ఇంకో మెసేజ్. "రెండో ఉంగరం దొరికింది. ఏం చెయ్యాలో చెప్పకు."

మొన్న చెప్పింది మర్చిపోయాడు వెధవ. నేనూ గుర్తు చెయ్యలేదు.