ఇంధన పొదుపు: గేరు మార్పా, వేగ నియంత్రణా?

వంటగది, పడకలు అమర్చిన చక్రాల ఇల్లే మోటార్ హోమ్. 1970లలో అమెరికాలో తయారైన పెక్కు మోటార్ హోమ్‌లకు మూడు గేర్ల ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషనే ఉండేది, ఓవర్‌డ్రైవ్ లేదు. రహదారిపై ఇంజను అతివేగంగా తిరుగుతూ పెట్రోలు ఎక్కువగా త్రాగుతుంది. విరుగుడుగా కొందరు యజమానులు వెనుక ఇరుసులోని క్రౌన్ వీల్, పినియన్‌లను మార్పిస్తారు.

ఇరుసు నిష్పత్తి 4.10 నుండి 3.55కు తగ్గితే, నిమిషానికి 3,000 భ్రమణాలు చేసే ఇంజను అదే వేగంలో సుమారు 2,600 చేస్తుంది. అయితే ఇంధన వ్యయం అదే పాళ్లలో తగ్గదు. గాలిని చీల్చుకొని బరువైన బండిని నడపడానికి కావలసిన శక్తి మారదు కదా! పైగా చక్రాలకు అందే లాగుడు తగ్గి, ఎగువలో తరచు క్రింది గేరుకు దిగవలసి వస్తుంది. దిగువలో ఇంజను నిరోధం తగ్గి, బ్రేకులపై భారం పెరుగుతుంది.

గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని 80కి తగ్గిస్తే ఆ నిరోధం 36 శాతం తగ్గుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. కనుక గేర్లపై సొమ్ము వెచ్చించే ముందు వేగాన్ని, టైర్లలో గాలిని, బండిలోని అనవసరపు బరువును సరిచూసుకోవాలి. మైదాన మార్గాలలో దూర ప్రయాణాలు అధికంగా చేసేవారికే గేరు మార్పు గిట్టుబాటు కాగలదు. మన సంస్థ లారీలకు, బస్సులకు కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది.