పర్మిట్ ఎవరి పేరు మీద?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు వలస కొత్త కాదు. మన పెద్దవాళ్ళకి బర్మా అంటే 'రంగం'. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుతో మగవాళ్ళు రంగం ఓడ ఎక్కితే పొలం, పిల్లలు, ముసలివాళ్ళ భారం ఆడవాళ్ళ మీద పడింది. తర్వాత గల్ఫ్ వచ్చింది. ఉద్దానం ఊళ్ళ నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు వెళ్ళారు, ఇప్పటికీ వెళ్తున్నారు. ఈ వరసలో యూరప్ కొత్తది. దాని గురించి మన సంఘాలు దాదాపు మాట్లాడవు. గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళిన స్త్రీ చిక్కుల్లో పడితే కదులుతాం. జర్మనీకో బ్రిటన్‌కో వెళ్ళిన అమ్మాయి చదువుకున్నది కదా, ఆమెకేం అనుకుంటాం. ఈ 'ఆమెకేం' అన్న మాటతోనే నాకు పేచీ.

'నిపుణుల' పర్మిట్లలో నిపుణులంటే ఎవరో ముందు చూడాలి. యూరోపియన్ యూనియన్ 2009లో తెచ్చి 2021లో సవరించిన బ్లూ కార్డుకు చదువు ఒక్కటే చాలదు, జీతం ఆ దేశం పెట్టిన గీత దాటాలి. అంటే నైపుణ్యానికి కొలబద్ద జీతం. ఆడవాళ్ళు ఎక్కువగా చేసే పనులకు జీతాలు తక్కువ కాబట్టి ఆ కొలబద్ద దగ్గరే చాలామంది పొట్టిగా తేలతారు. జర్మనీ వెళ్ళే నర్సునే తీసుకోండి. నాలుగేళ్ళు బీఎస్సీ నర్సింగ్ చదివి, వార్డుల్లో రాత్రి డ్యూటీలు చేసి, జర్మన్ భాష నేర్చుకుని వెళ్తుంది. అక్కడ తన చదువుకు గుర్తింపు వచ్చేదాకా ఆమె సహాయకురాలే.

యూనియన్ నుంచి బయటికి వచ్చేసిన బ్రిటన్ కథ మరీ చిత్రం. వృద్ధుల్నీ రోగుల్నీ చూసుకునే కేర్ వర్కర్లకు 2022 ఫిబ్రవరిలో నిపుణుల వీసాల్లో చోటిచ్చారు. 2024 మార్చి 11 నుంచి కొత్తగా వచ్చేవాళ్ళు భర్తనూ పిల్లల్నీ తెచ్చుకోకూడదన్నారు. 2025 జూలై 22 నుంచి బయటి దేశాల వాళ్ళని ఆ పనికి కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. ఈ మూడున్నరేళ్ళలో ఆ పని మారలేదు, ముసలివాళ్ళను ఎత్తి పడుకోబెట్టే చేతులూ మారలేదు. మారింది దాని పేరు. వీసా ఇప్పించిన యజమాని కొలువు తీసేస్తే ఇంకొకరిని వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులు. అప్పు చేసి వెళ్ళిన మనిషి, జీతం ఎగ్గొట్టినా సరే, నోరెత్తే ముందు ఆ 60 రోజుల్ని లెక్కపెట్టుకుంటుంది.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్ళు చూడండి. డయాలసిస్‌కు తీసుకెళ్ళడం, నీళ్ళూ ఉప్పూ కొలిచి పెట్టడం, రాత్రిళ్ళు మేలుకోవడం, ఏళ్ళ తరబడి భార్యలూ కూతుళ్ళూ కోడళ్ళూ చేస్తున్న పని. దీన్ని మనం ఇంటి బాధ్యత అంటాం. బ్రిటన్ అవసరమైనప్పుడు నైపుణ్యం అంది, తర్వాత కాదంది. (అవసరం తీరిందా అన్నది వేరే సంగతి.)

ఇక పెళ్ళితో యూరప్ చేరే అమ్మాయిలు. వీళ్ళ పర్మిట్ భర్త పర్మిట్‌కు తోక. న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. బ్లూ కార్డు ఉన్నవాడి భార్యకు ఉద్యోగం చేసుకునే హక్కు ఉంది. అమెరికాలో హెచ్-4 వీసా మీద వెళ్ళిన భార్యలకు 2015 దాకా అదీ లేదు, ఆ తర్వాతా కొందరికే. కానీ పనిచేసే హక్కు వేరు, ఉండే హక్కు వేరు. జర్మనీలో భర్తతో విడిపోయినా ఉండగలిగే సొంత హక్కు రావాలంటే ఆ దేశంలో మూడేళ్ళు కాపురం చేసి ఉండాలి. 2011కు ముందు రెండేళ్ళే సరిపోయేది. హింస ఉంటే మినహాయింపు ఉంది. అయితే ఆ హింసను ఆమే చూపించాలి, ఆ భాషలో, ఆ ఆఫీసులో. కాస్త ఓర్చుకో అమ్మా అని ఇక్కడ పుట్టింటివాళ్ళు చెప్పే మాటనే అక్కడ చట్టం గడువు పెట్టి మరీ చెబుతోంది.

మన ప్రభుత్వం 2022 డిసెంబరులో జర్మనీతో వలసల ఒప్పందం చేసుకుంది. భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024లో జర్మనీ ప్రకటించింది. సంతోషమే. కానీ 1983 వలస చట్టం కింద ముందస్తు అనుమతి కావలసింది గల్ఫ్‌తో సహా 18 దేశాలకే, ఆ జాబితాలో జర్మనీ, బ్రిటన్ లేవు. గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళే స్త్రీని 30 ఏళ్ళు నిండలేదని ఆపుతారు. యూరప్ వెళ్ళే స్త్రీని కాగితంలో ఏముందో చెప్పే దిక్కు లేకుండా పంపుతారు. రెండింటిలోనూ ఆమె హక్కుల ఊసు లేదు. ఏ దేశానికి పంపినా ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి, అతను తీసుకోదగ్గది 30 వేల రూపాయలూ దాని మీద జీఎస్టీ మాత్రమే. నర్సింగ్ విద్యార్థినులకు ఈ మాట చెబితే నవ్వుతారు. వాళ్ళు విన్న రేట్లు లక్షల్లో.

ఈ రెండు జిల్లాల్లో మన సంఘాలు చేయగల పని ఉంది. ఒప్పందం, పర్మిట్ తెలుగులో చదివి వినిపించాలి. యజమాని మారాలంటే ఏం చేయాలో, విడిపోతే ఎన్నాళ్ళు ఉండొచ్చో వెళ్ళకముందే చెప్పాలి. సంబంధం చూసేటప్పుడు అబ్బాయి జీతం, ఇల్లు, కారు అడుగుతారు, కట్నం లెక్క కడతారు. అతనిది ఏ పర్మిట్, దానికి అమ్మాయి ఎలా ముడిపడి ఉంటుంది అని అడిగిన తండ్రిని నేనింకా చూడలేదు. ఆ ప్రశ్న అమ్మాయి చేతే అడిగించాలి. పాస్‌పోర్టు, పర్మిట్, పెళ్ళి సర్టిఫికెట్ల నకళ్ళు పుట్టింట్లో ఒక సెట్టు, సంఘంలో ఒక సెట్టు ఉంచాలి. సోంపేటలో ఒక రోజు, బొబ్బిలిలో ఒక రోజు, నెలకోసారి కూర్చుంటే మొదలుపెట్టడానికి చాలు.