లింకులు పెట్టుడు గూడ పనేనా?

మొన్న సంక్రాంతికి సిరిసిల్ల నుంచి మా అక్క కొడుకు జగిత్యాల వచ్చాడు. వంటింటి గట్టుమీద ల్యాప్‌టాప్ పెట్టుకుని తెలుగు వికీపీడియాతో నేను తంటాలు పడుతుంటే తొంగిచూసి, "లింకులు పెట్టుడు గూడ ఒక పనేనా చిన్నమ్మా? ఏదన్న వ్యాసం రాయరాదు?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. గోడలు లేపినవాడు గొప్పవాడట, దర్వాజలు పెట్టినవాడు దేనికీ కొరగాడట! దర్వాజ లేని ఇంట్లోకి వీడెట్లా దూరతాడో చూడాలని ఉంది.

2003 డిసెంబరులో మొదలైంది తెలుగు వికీపీడియా. కొత్తగా చేరినవాళ్ళకు, "ముందు చిన్నపనులు చేయండి, లింకులు పెట్టండి" అని చెప్పడం అక్కడ ఆనవాయితీ. చెప్పడంలో తప్పులేదు. ఆ "చిన్న" అన్న మాటతోనే నా పేచీ.

ఒక మాటకు అటు రెండు, ఇటు రెండు చదరపు బ్రాకెట్లు తగిలిస్తే అది నీలంగా మారుతుంది. నొక్కితే ఆ పేరుగల పేజీకి పోతాం. ఎర్రగా మారిందంటే ఆ పేజీ ఇంకా ఎవరూ రాయలేదన్నమాట, లేదా పేరు మనమే తప్పు రాశామన్నమాట. పోపు పెట్టినంత సేపు పట్టదు. మాడ్చడానికీ అంతసేపే పడుతుంది సుమండీ! మన గోదావరి ఒడ్డు ధర్మపురి అనుకుని నేను ఒకసారి లింకు పెట్టేశాను. నొక్కి చూద్దును గదా, తమిళనాడు ధర్మపురిలో తేలాను! నరసింహస్వామి దర్శనానికి బయలుదేరినవాళ్ళను సేలం బస్సెక్కించినట్టే గదా?

పైగా మన తెలుగు మాట ఒక్కచోట కుదురుగా కూర్చోదు. "కోరుట్లలో" అయితే ఫరవాలేదు. కోరుట్లకు బ్రాకెట్లు పెట్టి "లో"ను బయట వదిలేస్తే సరి. "మరమగ్గాల మీద" అని ఉంటే? "మరమగ్గాల"కు బ్రాకెట్లు పెడితే ఎర్రలింకే. లోపల ముందు "మరమగ్గం" అని పేజీ పేరు రాసి, నిలువుగీత గీసి, ఆ పక్కన "మరమగ్గాల" అని రాయాలి. చాలా భాషల వికీపీడియాల్లో ఇప్పుడు కొత్తవాళ్ళకు యంత్రమే లింకులు సూచిస్తోంది. అవునో కాదో మనం చెప్పాలి. అన్నిటికీ అవునవునని తలూపే కోడలిలా ఉండకండమ్మా అని నా మనవి.

జిల్లాల సంగతి మరీ గమ్మత్తు. 2016 అక్టోబరు 11న జగిత్యాల ఒక జిల్లా, రాజన్న సిరిసిల్ల ఒక జిల్లా అయ్యాయి. కోరుట్ల జగిత్యాల వైపు వచ్చింది. అంతకుముందు అన్నీ కరీంనగర్ జిల్లాయే. సి.నారాయణరెడ్డిగారు 1931లో పుట్టిన హనుమాజీపేట ఇప్పుడు సిరిసిల్ల జిల్లాలో ఉంది. పాత పుస్తకం చూసి ఇవాళ్టి కరీంనగర్ జిల్లాకు లింకు పెడితే, చదివే పిల్ల ఆ ఊరికోసం అక్కడ వెతికి వెతికి అలిసిపోవలసిందే. ఇది యంత్రానికేం తెలుసు? ఇక్కడ పుట్టి మెట్టినవాళ్ళకు తెలుస్తుంది.

ఇంకో రకం మనుషులున్నారు. నీళ్ళకు లింకు, అన్నానికి లింకు, చీరెకు లింకు! పేజీ అంతా నీలిమందు ఒలికినట్టుంటుంది. కావలసిన మాటకు, మొదటిసారి వచ్చినచోట, ఒక్కటి చాలదూ?

కావలసినచోట లేకపోతేనే నా బాధ. అలిశెట్టి ప్రభాకర్ 1954లో మా జగిత్యాలలోనే పుట్టాడు. ఫొటో స్టూడియో నడుపుకుంటూ కవిత్వం రాశాడు. 1993లో, ముప్ఫై తొమ్మిదేళ్ళకే పోయాడు. ఊరి పేజీ చదివే బడిపిల్ల ఆయన దాకా చేరాలంటే ఆ పేరుకు నాలుగు బ్రాకెట్లు కావాలి. కోరుట్లలో, సిరిసిల్లలో ఆడవాళ్ళు బీడీలు చుట్టి ఎన్ని సంసారాలు నెట్టుకొచ్చారో మనకు తెలుసు. దానిమీద ఎవరో ఓపికగా ఒక పేజీ రాశారనుకోండి. ఊరి పేజీలోంచి దారి లేకపోతే ఎవరి కంట పడుతుంది? ఏ పేజీ నుంచీ లింకులేని దాన్ని వికీపీడియాలో అనాథ పేజీ అంటారు. పేరు పెట్టినవాళ్ళెవరో గాని సరిగ్గానే పెట్టారు.

మావాణ్ణి కూర్చోబెట్టి ఒక వ్యాసం అప్పగించాను. గంటలో పదకొండు లింకులు పెట్టాడు. మూడు ఎర్రగా వచ్చాయి, ఒకటి ఎక్కడికో పోయింది. అన్నానికి పిలిస్తే, "ఆగు చిన్నమ్మా, ఈ మగ్గాల సంగతొకటి చూసొస్త" అన్నాడు. చారు రెండుసార్లు వేడిచేశాను.