పెట్టె పోయినా ఫర్వాలేదు, మన గంటలు పోకూడదు

పదో తరగతి వాళ్ళం, మాకెందుకీ కంప్యూటర్ల గోల అనుకోకండి. మన జీతం లెక్కంతా ఇప్పుడు అందులోనే ఉంది, అందుకే రాస్తున్నాం.

మా హ్యూస్టన్ సైటు ఆఫీసులో పాత లినక్స్ కంప్యూటరు ఉండేది. ఎవరు ఎన్ని గంటలు చేశారో అందులోనే ఎక్కించేవాళ్ళం. దాన్ని సెట్ చేసిన కుర్రాడు ఎప్పుడో పని మానేశాడు. మొన్న డిస్కు మొరాయించేసరికి ఇంకో తమ్ముడొచ్చి, అందులో ఉన్నదంతా 'టార్'తో మూట కట్టి, 'డాకర్ ఇంపోర్ట్'తో ఇమేజి చేశాడు. కొత్త మిషన్‌లో ఒక్క పూటలో లేచి కూర్చుంది. అందరం చప్పట్లు కొట్టాం.

వారం తిరక్కుండానే ఎవరో ఆ కంటైనర్ తీసేసి, అదే ఇమేజితో కొత్తది పెట్టారు. మూడు రోజుల గంటలు గల్లంతు! ఇమేజి అంటే మూట కట్టిన రోజు తీసిన ఫొటో లాంటిది. తర్వాత ఎక్కించినవి కంటైనర్ లోపలే ఉంటాయి, దాంతోపాటే పోతాయి. జేబులో నోటుబుక్కు ఉంది కాబట్టి బతికాం.

1956లో ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 కంటైనర్లతో న్యూవార్క్ నుంచి మా హ్యూస్టన్‌కే వచ్చింది. పెట్టె మారొచ్చు, సరుకు మారకూడదు. 2013లో వచ్చిన డాకర్‌కి కూడా అదే న్యాయం.

పాత మిషన్‌ని ఉన్నదున్నట్టు ఇమేజి చేయడం తప్పని మేం అనం. ఆపదలో అదే దారి. కానీ అక్కడే ఆగితే డ్రాయింగు లేని బిల్డింగే. గోడలో ఏ పైపు ఎటు పోయిందో ఎవడికీ తెలీదు, పాత చెత్త, పాస్‌వర్డులు కూడా లోపలే ఉండిపోతాయి. అందుకని ఏం వేశారో, ఏ వరసలో వేశారో డాకర్‌ఫైల్‌లో లైను లైనుగా రాయించాలి. ఒకడు వెళ్ళిపోయినా ఇంకొకడు మళ్ళీ కడతాడు.

గంటల లెక్క మాత్రం కంటైనర్ బయట, వాల్యూమ్‌లో పెట్టాలి. దానికి బ్యాకప్ విడిగా తీయాలి, ఎందుకంటే 'డాకర్ కమిట్' కొట్టినా వాల్యూమ్‌లో ఉన్నది ఇమేజిలోకి రాదు.

"నడుస్తోంది కదా, ఎందుకు కెలకడం" అంటారు. నడిచేది వాళ్ళ మిషను, పోయేది మన కూలి. ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం యజమాని జీతాల రికార్డులు 3 ఏళ్ళు, టైమ్ కార్డులు 2 ఏళ్ళు దాచాలి.

మీ సైటులో ఒక్క మాట అడగండి: "కంటైనర్ తీసేస్తే మా గంటలు ఎక్కడుంటాయి?" సరైన జవాబు వచ్చేదాకా నోటుబుక్కు వదలకండి. వచ్చాక కూడా వదలకండి.