సగరిగమ తర్వాత

ఆనందభైరవి, రీతిగౌళ రాగాల ఆరోహణలు రెండూ ‘సగరిగమ’ అనే మొదలవుతాయి. అంతవరకూ కాగితం మీద తేడా కనిపించదు. అక్కడి నుంచి ఆనందభైరవి పంచమం అందుకుని ‘పదపస’ అంటూ పై షడ్జం చేరుతుంది. రీతిగౌళ పంచమాన్ని వదిలేసి, మధ్యమం నుంచి నేరుగా నిషాదానికి ఎక్కి, ‘నిదమనినిస’ అని చుట్టు తిరిగి వెళ్తుంది. స్వరస్థానాలు చూస్తే రెండింటికీ దాదాపు అవే. అయినా చెవి తీరిన రసికుడు పంచమం వచ్చేదాకా ఆగడు. గాంధారాన్ని ఊపిన తీరులోనే ఏ రాగమో పోల్చుకుంటాడు. ఆ పోలిక అతనికి ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఈ నెల మా ఆలోచన.

రాగమంటే ఆరోహణ, అవరోహణలేనన్న అభిప్రాయం ఈమధ్య బాగా నాటుకుపోయింది. పరీక్షల గైడ్లలో, ఫోన్ యాప్‌లలో, పాటల పోటీల్లో రాగాన్ని ‘స్కేల్’ అనేస్తున్నారు. మోహనం, హంసధ్వని వంటి రాగాల్లో ఆ పద్ధతి కొంతదూరం నడుస్తుంది. ఆనందభైరవి దగ్గర ఒక్క అడుగు కూడా పడదు.

ఈ రాగాన్ని 20వ మేళమైన నఠభైరవికి జన్యంగా చెబుతారు. ఆ మేళంలో ఉన్నది శుద్ధ ధైవతం. పాటలో ఎక్కువగా వినిపించేది మాత్రం చతుశ్రుతి ధైవతం. అందుకే దీన్ని 22వ మేళం ఖరహరప్రియ కింద చేర్చేవారూ ఉన్నారు. అలా చేర్చినా చిక్కు తీరదు. మధ్యమాన్ని ఆనుకుని ఒక్కోచోట అంతర గాంధారం తొంగిచూస్తుంది. అది ఆ రెండు మేళాల్లో దేనికీ చెందదు. కాకలి నిషాదం కూడా అలాగే వచ్చిపోతుంది. వీటిని అన్యస్వరాలని పక్కనపెట్టి, పట్టికలో ఉన్న స్వరాలతోనే పాడి చూడండి. తప్పు పట్టడానికి ఏమీ ఉండదు, ఆనందభైరవీ ఉండదు.

ఆ అంతర గాంధారం ఎక్కడ, ఎంతసేపు పలకాలి? దీనికి సూత్రం రాయబోతే పట్టుబడదు. శ్యామశాస్త్రి ‘మరివేరే గతి’ని గురుముఖంగా, మిశ్రచాపు తాళం చేత వేసుకుంటూ నేర్చినవారి గొంతులో మాత్రం అది తన చోటు తానే వెతుక్కుంటుంది. ఆయనదే ‘ఓ జగదంబ’ కూడా ఈ రాగమే. రీతిగౌళలో ఆయన చేసిన ‘నిన్నువినా మరి గలదా’ను వీటి పక్కన పెట్టుకుని పాడుకుంటే, ఎన్ని పేజీల లక్షణ గ్రంథమూ చెప్పలేనిది చెవికి ఎక్కుతుంది. ముత్తుస్వామి దీక్షితులు కమలాంబా నవావరణ కీర్తనల్లో మొదటి ఆవరణకు ఆనందభైరవినే తీసుకున్నారు. వేగం ఈ రాగానికి పడదు. బిరుకాలు గుప్పించి చప్పట్లు కొట్టించుకునేవారికి ఇది లొంగదు.

మన పెద్దలకు ఈ సంగతి తెలియక కాదు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెరిచి చూడండి. రాగం పేరు, మూర్ఛన, లక్షణం చెప్పి ఆయన చేతులు దులుపుకోలేదు. ఆ వెంటనే గీతాలు, కీర్తనలు, సంచారులు స్వరపరిచి ఇచ్చారు. కంపితం, స్ఫురితం, నొక్కు, జారు వంటి గమకాలకు వేర్వేరు గుర్తులు కల్పించి స్వరాలకు జతచేశారు. ఒట్టి సరిగమలు రాగాన్ని మోయలేవని తెలిసినవాడు పడ్డ శ్రమ అది. అంతటి పుస్తకం తెలుగు అక్షరాల్లో ఉండగా, మన విద్యార్థి రెండు వరుసల ఆరోహణావరోహణలు బట్టీ పట్టి గట్టెక్కుతుంటే బాధ కలుగుతుంది.

అందులోనూ ఆనందభైరవి మనవాళ్లు పేరు తెలియకముందే పాడుకున్న రాగం. మంగళహారతుల్లో, లాలిపాటల్లో దీని ఛాయలు ఎన్ని ఉన్నాయో! బాలమురళీకృష్ణ గొంతులో రామదాసు ‘పలుకే బంగారమాయెనా’ విన్న ఇళ్లలో ఎంతమందికి మేళం సంఖ్య తెలుసు? ఆ ఎత్తుగడ చాలు, వాళ్లకు రాగం తెలిసినట్టే.

కూచిపూడి వారి గురించి ఒక కథ చెప్పుకుంటారు. భాగవతులు ఆనందభైరవిలో పాడి ఆడిన పాటకు త్యాగరాజస్వామి కరిగిపోయి, ఏం కావాలో కోరుకోమన్నారట. వాళ్లు ఆ రాగాన్నే అడిగారట. ఇకపై ఆ రాగంలో కృతి చేయనని ఆయన మాట ఇచ్చారట. ‘నీకే తెలియక’, ‘క్షీరసాగర విహార’ వంటి కొద్ది కృతులే ఈ రాగంలో ఆయన పేర మిగలడానికి ఇదే కారణమంటారు. కథ నిజానిజాల మాట అలా ఉంచి, వాళ్లు అడిగినదేమిటో గమనించాలి. స్వరాలు అందరివీను, వాటిని ఎవరూ అడిగి పుచ్చుకోనక్కర్లేదు. ఆ స్వరాల మధ్య తమ పాట నడిచిన నడకనే వాళ్లు తమకు దక్కాలని అడిగారు.

సంగీత కళాశాలల్లో పాఠ్యప్రణాళికలు రాసేవారిని మేము కోరేది ఒకటే. రాగలక్షణం రాయమనే ప్రశ్నకు ఇచ్చే మార్కుల్లో సగం తగ్గించి, ఆ రాగంలో రెండు కీర్తనలు, ఒక పదం పుస్తకం చూడకుండా పాడినవారికి ఇవ్వండి. విళంబంలో పాడమనండి. గాంధారం దగ్గర తొందరపడినవారిని ఆపి, మళ్లీ పాడించండి.